పాత ఐటీఐ ప్లంబర్ సర్టిఫికెట్ ఇప్పుడు చెల్లుతుందా? అపోహలు - వాస్తవాలు

నాది 1996 బ్యాచ్. ఐటీఐలో ప్లంబర్ ట్రేడు. చేత్తో రాసిన పేరు, కింద సీలు ఉన్న ఆ ఎన్‌సీవీటీ (ఐటీఐ సర్టిఫికెట్లు ఇచ్చే జాతీయ మండలి) కాగితం ఇప్పటికీ బీరువాలో చీరల కిందే ఉంది. హైదరాబాద్‌లో చిన్న చిన్న కాంట్రాక్టులు చేస్తుంటాను, దగ్గర నలుగురు కుర్రాళ్లు పనిచేస్తారు. నెలకు ఒక్కరైనా ఫోన్ చేసి "అన్నా, నాది పాత సర్టిఫికెట్, ఇంకా పనికొస్తుందా?" అని అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఎన్‌సీవీటీ పోయి వేరే సంస్థ వచ్చింది, కాబట్టి పాత సర్టిఫికెట్ చెల్లదు.

వాస్తవం: చెల్లుతుంది. నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్‌కు, అంటే ఆ ఎన్‌సీవీటీ కాగితానికి, గడువు తేదీ అనేదే లేదు. 1956లో పెట్టిన ఎన్‌సీవీటీ బాధ్యతలను తర్వాత ఎన్‌సీవీఈటీ అనే కొత్త మండలికి అప్పగించారు, అంతే. మనమంతా పదో తరగతి పాసైంది ఉమ్మడి రాష్ట్రంలో, 2014లో రాష్ట్రం విడిపోయిందని ఎవరైనా మళ్లీ పది రాశారా?

అసలు చిక్కు వెరిఫికేషన్ దగ్గరొస్తుంది. ఈమధ్య బ్యాచ్‌లవి ఆన్‌లైన్‌లో కనబడతాయి, మన కాలం వాళ్ల వివరాలు చాలావరకు ఐటీఐ రిజిస్టర్లలోనే ఉండిపోయాయి. కంపెనీలో హెచ్‌ఆర్ అమ్మాయి నంబరు కొట్టి చూసి "రావట్లేదండీ, ఇది ఒరిజినలేనా?" అంటుంది. అప్పుడు పరుగులు పెట్టే బదులు ఇప్పుడే ఓ రోజు చదివిన ఐటీఐకి వెళ్లి రిజిస్టర్లో పేరు చూపించుకుని ప్రిన్సిపాల్‌తో లెటర్ రాయించుకోండి. చదివింది ప్రైవేటు ఐటీఐ అయి, అది మూతపడి ఉంటే ఉపాధి, శిక్షణ శాఖలో అడగాలి.

అపోహ: జీఐ (జింకు పూత వేసిన ఇనుము) పైపుల కాలం నాటి చదువు సీపీవీసీ (ప్లాస్టిక్) పైపులు వచ్చాక దండగ.

వాస్తవం: సగం నిజమే, కానీ ఏ సగమో తెలియాలి. మేం నేర్చుకున్న డై అనే పనిముట్టు పెట్టి పైపుకు థ్రెడ్ కోయడం, జనపనార చుట్టి సఫేదా అనే తెల్ల ముద్ద పూయడం, ఇనప పైపుల జాయింట్లలో సీసం కరిగించి పోయడం ఇవాళ కుర్రాళ్లకు కథల్లా ఉంటాయి. నాకే దెబ్బ తగిలింది. సీపీవీసీ కొత్తగా వచ్చిన రోజుల్లో, ఒక అపార్ట్‌మెంటులో ప్లాస్టిక్ అడాప్టర్‌లోకి (పైపును నల్లాకు కలిపే ముక్క) ఇత్తడి నల్లా బిగించాలి. అలవాటు కొద్దీ నార దట్టంగా చుట్టి, పైపు రెంచి వేసి, జీఐకి బిగించినట్టే కిర్రుమనేదాకా లాగాను. ఆ రోజు చుక్క కారలేదు. మూడో రోజు పొద్దున కింది ఫ్లాటాయన ఫోన్, పీఓపీ సీలింగ్ అంతా తడిసిపోయిందని. వెళ్లి చూస్తే అడాప్టర్ వెంట్రుకవాసి చీలిపోయి ఉంది. నార తడిస్తే ఉబ్బుతుంది, ఇనుము దాన్ని తట్టుకుంటుంది, ప్లాస్టిక్ తట్టుకోదు. అక్కడ టెఫ్లాన్ టేపు చుట్టి, చేత్తో బిగిసినంత బిగించి, పానాతో ఒకటి రెండు చుట్లు తిప్పి ఆపేయాలి. సీలింగ్ డబ్బులు నా జేబులోంచే పోయాయి.

అయితే నీళ్లు మారలేదు కదా. నాలుగంగుళాల డ్రైనేజీ పైపుకు ఒకటికి నలభై వాటం (వాలు), అంటే మీటరుకు 25 మిల్లీమీటర్లు, అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. ట్రాప్‌లో (డ్రైనేజీ పైపులో నీళ్లు నిలిచే వంపు) 50 మిల్లీమీటర్ల నీళ్లు నిలవకపోతే బాత్రూంలోకి వాసన రాక తప్పదు. ట్యాంకు పది మీటర్ల ఎత్తున ఉంటే కింద నల్లా దగ్గర చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కేజీ ప్రెషర్ వస్తుంది. సొల్యూషన్ పూసి పైపు అతికించడం నాలుగు రోజుల్లో వస్తుంది, వాటం చూసే కన్ను అంత తొందరగా రాదు. నా దగ్గర పనిచేసే కుర్రాళ్లలో జాయింట్లు అద్దంలా వేసేవాడున్నాడు, వాడికి లెవెల్ పట్టీ ఇస్తే ఇప్పటికీ నా మొహం చూస్తాడు.

అపోహ: ఐటీఐ ఉంటే లైసెన్సు ఉన్నట్టే.

వాస్తవం: కాదు. చదువుకు గడువు తీరదు, లైసెన్సుకు తీరుతుంది. వాటర్ బోర్డు, మున్సిపాలిటీ ఇచ్చే ప్లంబర్ లైసెన్సు వేరే, దాన్ని రెన్యువల్ చేయించుకోవాలి. బ్రిటన్‌లోనూ ఇంతే, సిటీ అండ్ గిల్డ్స్ అనే సంస్థ ఇచ్చిన పాత సర్టిఫికెట్ ఎప్పటికీ ఉంటుంది, గ్యాస్ పని చేయాలంటే మాత్రం ఐదేళ్లకోసారి పరీక్షకు కూర్చోవాల్సిందే.

అపోహ: ఆర్‌పీఎల్ (పని అనుభవాన్ని పరీక్షించి గుర్తింపు ఇచ్చే పద్ధతి) కార్డు తీసుకుంటే ఐటీఐతో సమానం.

వాస్తవం: ఏ కాగితమూ లేకుండా పని నేర్చుకున్న మేస్త్రీలకు అది మంచిదే. ఉద్యోగ నోటిఫికేషన్‌లో ఐటీఐ అని రాసి ఉంటే మాత్రం పనికిరాదు.

అపోహ: గల్ఫ్‌కు పాత సర్టిఫికెట్ ఉంటే చాలు.

వాస్తవం: ఇప్పుడు చేతిపని కూడా చూస్తున్నారు. సౌదీకి వెళ్లే ప్లంబర్లకు 2022 చివర్లో మన దేశంలోనే పరీక్ష మొదలైంది, కంప్యూటర్ మీద ప్రశ్నలు, తర్వాత ప్రాక్టికల్. పాతికేళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా ముందు ప్రశ్నలు కాస్త చూసుకుని వెళ్లండి. సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉండి పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ఆ తేడా ముందే సరిచేయించుకోండి, టికెట్ బుక్ చేశాక కాదు. ఇంకోటి, ఒరిజినల్‌ను లామినేషన్ చేయించకండి, అటెస్టేషన్ (ధ్రువీకరణ) స్టాంపులు దాని మీదే పడాలి. నాది మాత్రం మా నాన్న ముచ్చటపడి వారం తిరక్కుండానే చేయించేశాడు, గల్ఫ్ ఆలోచన ఎప్పుడూ లేదు కాబట్టి సరిపోయింది.