హైబ్రిడ్ పర్సిమన్ మొక్క మీద ఉన్న అపోహలు, అసలు సంగతులు

మొన్న కార్తీక మాసం వానల్లో కందుకూరు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. కారు వెనక సీట్లో కుండీతో సహా మొక్క. "ఏందయ్యా ఇది, రెండేళ్లయినా ఆకులే గానీ పూత లేదు. హైబ్రిడ్ పర్సిమన్ అంటే 1,800 పెట్టి ఆన్‌లైన్లో తెప్పించా" అన్నారు. ఈ ఏడాది ఇదే మాటతో మా నర్సరీకి వచ్చినవాళ్లలో ఆయన ఐదో మనిషో ఆరో మనిషో. అందుకే రాస్తున్నాను. పర్సిమన్ అంటే చూడ్డానికి టమాటాలా ఉండే నారింజ రంగు పండు.

కుండీలో పైమట్టి తీసి చూశాను. మొక్క మొదలు దగ్గర రెండు వేళ్ల ఎత్తున ఎండు పుల్ల ఒకటి ఉంది. అంటు కట్టినప్పటి ప్లాస్టిక్ టేపు దానికి ఇంకా చుట్టే ఉంది. ఆయన డబ్బిచ్చి కొన్న రకం ఆ పుల్లే. మొదటి ఎండాకాలంలోనే చచ్చిపోయి ఉంటుంది. ఇన్నాళ్లూ నాలుగడుగులు పెరిగింది దాని కింద నుంచి లేచిన రూట్‌స్టాక్ (అంటు కట్టడానికి కింద వాడే వేరు మొక్క) చిగురు. మాస్టారు రోజూ రెండు పూటలా నీళ్లు పోశారట. చెప్పడానికి నాకు నోరు రాలేదు, కానీ చెప్పాలి కదా.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు తినేస్తున్న అపోహ ఇదీ: "హైబ్రిడ్ కాబట్టి ఎక్కడైనా కాస్తుంది." ఆయనకు అమ్మినవాళ్లు 50 డిగ్రీల ఎండకైనా తట్టుకుంటుందని రాశారు. పర్సిమన్‌లో హైబ్రిడ్ అంటే ఏమిటో తెలిస్తే ఆ మాట ఎవరూ నమ్మరు. మార్కెట్లో దొరికే పెద్ద పండు జపాన్, చైనా జాతి. అమెరికా అడవి జాతి పండు చిన్నది, కానీ చెట్టు గడ్డకట్టే చలికి కూడా చావదు. పండు పెద్దదిగా ఉండాలి, చెట్టు చలికి నిలవాలి అని ఈ రెండు జాతుల్నీ కలిపారు. పేరున్న హైబ్రిడ్లు రొస్సియాంకా, నికితాస్ గిఫ్ట్ రెండూ క్రిమియాలోని నికితా బొటానికల్ గార్డెన్‌లో పుట్టాయి. మైనస్ 20 డిగ్రీల చలికి ఓర్చుకుంటాయి. ఆ గుణం కోసమే వాటికి అంత పేరు. నెల్లూరులో మనకి ఆ గుణంతో పనేముంది?

పైగా అసలు జపాన్ జాతికే మొగ్గ సరిగ్గా నిద్రలేవాలంటే 7 డిగ్రీల లోపు చలి 100 నుంచి 200 గంటలు కావాలంటారు. మనకి భోగి మంటలు వేసుకునే రోజుల్లో కూడా రాత్రి 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. మన దేశంలో పర్సిమన్ కాసేది హిమాచల్‌లో కులూ వైపు, కాశ్మీర్‌లో, దక్షిణాన అయితే కూనూరు కొండల మీద. కొండ మీద నర్సరీలు చలికాలంలో ఆకు రాలిన మొక్కను పెకలించి పంపుతాయి. అది మన దగ్గరికి మాఘంలో వస్తుంది. వేరు పట్టేలోపే ఎండలు ముదురుతాయి, రోహిణి కార్తెకి అంటు మాడిపోతుంది. వేరు మొక్క మాత్రం మొండిది, బతికి కింద నుంచి చిగురేస్తుంది. మాస్టారి కుండీలో జరిగింది ఇదే. మీ ఇంట్లో మొక్క ఉంటే ఇవాళే అంటు కట్టిన చోటు వెతకండి. చిగురు దానికి కింద నుంచి వస్తుంటే గిల్లేయండి.

తునికి కూడా దీని చుట్టమే కదా, దాని మీద అంటు కడితే మన ఎండకి ఆగదా అని ఒక తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్నే. నల్లమలలో బీడీ ఆకు కోసే ఆ తునికి, ఈ పర్సిమన్ ఒకే కుటుంబం. కానీ వేరు మార్చినంత మాత్రాన పైన మొగ్గకి కావలసిన చలి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంకో మాట, అంటు అంటే ఒకటి, హైబ్రిడ్ అంటే ఇంకొకటి. బంగినపల్లి అంటు మొక్కే కొంటాం, అది హైబ్రిడ్ కాదు. మల్లిక హైబ్రిడ్, నీలం, దశేరి కలిపి పుట్టించింది. దాన్నీ అంటు కట్టే పెంచుతాం. కొందరు పర్సిమన్ పండు తిని గింజ నాటుతున్నారు. దీనికి కారణం నాకు అర్థమైంది. పొదలకూరు వైపు నిమ్మ రైతులు గింజ మొక్కతోనే తోటలు వేశారు, కాయ తల్లిలాగే వచ్చింది. నిమ్మ గింజలో మొలకలు చాలావరకు తల్లి చెట్టు కణాల నుంచే పుడతాయి, అందుకని. పర్సిమన్ గింజకి ఆ గుణం లేదు. ఏ రకం వస్తుందో తెలియదు. ఏళ్ల తరబడి పెంచాక మగ చెట్టు అని తేలినా ఆశ్చర్యం లేదు.

ఆకు ఫోటో వాట్సాప్‌లో పెట్టి రకం చెప్పమంటారు. లేత మొక్క ఆకు చూసి అది ఏ హైబ్రిడ్డో చెప్పలేం, చెప్తానన్నవాళ్లని నమ్మకండి. అమ్మకం ఫోటోనే బాగా చూడండి. టమాటాలా చదునైన పండుని గట్టిగా ఉండగానే ముక్కలు కోసి చూపిస్తూ కింద రొస్సియాంకా అని రాస్తే, ఆ ఫోటో గట్టిగా ఉండగానే తినే ఫుయూలాంటి జపాన్ రకానిది. రొస్సియాంకా, నికితాస్ గిఫ్ట్ బాగా మెత్తబడేదాకా వగరే.

వేరు నల్లగా ఉందని, కుళ్లిందని పారేయకండి. పర్సిమన్ వేరు పుట్టుకతోనే నలుపు. ఆకు లేని పుల్ల వచ్చిందని కంగారూ వద్దు, గోరుతో గీకితే పచ్చగా ఉంటే బతికే ఉంది. హిందీ వీడియోల్లో రామ్‌ఫల్ అంటే చాలాసార్లు పర్సిమన్నే, మన రామాఫలం సీతాఫలం జాతిది. ఆర్డర్ పెట్టేముందు ఏది కావాలో చూసుకోండి. వగరు పోవడానికి కార్బైడ్ వాడొద్దు, అది నిషేధం. అరటిపండుతో కలిపి కాగితం సంచిలో పెట్టండి, చాలు. వగరు కాయ పరగడుపున ఎక్కువ తినకండి, కడుపులో ఉండ కట్టే ప్రమాదం ఉంది.

అయినా మొక్క పెంచాలనే ఉంటే ఫుయూ అంటు కొనండి, హైబ్రిడ్ వద్దు. పొద్దుటి ఎండ మాత్రమే తగిలేచోట పెట్టి, ఆకు అందం కోసమే పెంచుకోండి. కాయ మీద ఆశ పెట్టుకోవద్దు.

మాస్టారు చాలాసేపు ఆ ఎండు పుల్లని వేళ్లతో తిప్పుతూ కూర్చున్నారు. తర్వాత, "మా మనవడు పండు కోసం అడుగుతుంటాడయ్యా, ఇంటి వెనక గుంట కూడా తీయించా" అన్నారు. వాన పదును ఇంకా ఉంది కాబట్టి ఆ గుంటలో పెట్టమని రెండేళ్ల మల్లిక అంటు ఇచ్చాను. ఫిబ్రవరిలో పూత వస్తే మొదటి ఏడాది తుంచేయమని, అది మనవడికి తెలియకుండా చేయమని చెప్పాను.