మేస్త్రీ పక్కన పెరిగిన విశ్వాసం: క్రైస్తవ శిష్యరిక విద్య నేపథ్యం

2024లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, స్టూబెన్‌విల్ అనే చిన్న పట్టణంలో కార్మికుడైన సెయింట్ జోసెఫ్ పేరుతో ఒక క్యాథలిక్ కాలేజీ మొదలైంది. అక్కడి విద్యార్థులు వేదాంతం చదువుతూనే వడ్రంగం, ప్లంబింగ్, కరెంటు పని నేర్చుకుంటారు. ప్రొటెస్టెంట్లలోనూ ఇలాంటి ప్రయత్నాలు కనిపిస్తున్నాయి. ఆదివారం ప్రసంగాలు వింటేనో, క్లాసులో కూర్చుంటేనో కుర్రాడికి క్రైస్తవ శీలం అబ్బదని, నమ్మకమైన పెద్దవాడొకడి పక్కన నిలబడి పనిచేస్తే అబ్బుతుందని వీళ్ల నమ్మకం. దీన్ని కొత్త ఆలోచనగా చెప్పేవాళ్లూ ఉన్నారు. నిజానికి చర్చి దీన్ని పదేపదే పోగొట్టుకుని మళ్లీ వెతుక్కుంది.

యేసును సొంత ఊరివాళ్లు వడ్లవాడనే ఎరుగుదురు. తండ్రి కొడుక్కి ధర్మశాస్త్రంతో పాటు ఒక చేతిపని కూడా నేర్పాలని యూదు రబ్బీలు చెప్పేవారు. యేసు పన్నెండుమంది శిష్యులను ఎందుకు నియమించాడో చెబుతూ సువార్త రచయిత మార్కు ముందు రాసిన కారణం, వాళ్లు "తనతో కూడ ఉండునట్లు" అని. సువార్త ప్రకటించడానికి పంపడం ఆ తర్వాత వస్తుంది. పౌలు కొరింథులో అకుల, ప్రిస్కిల్లల ఇంట్లోనే ఉండి వాళ్లతో కలిసి డేరాలు కుట్టాడు. నన్ను చూసి నడుచుకోండి అని కొరింథీయులకు ధైర్యంగా రాయగలిగాడంటే, వాళ్లు అతన్ని పని దగ్గర కూడా చూశారు కాబట్టే అనుకోవాలి.

6వ శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్టు తన మఠం కోసం రాసిన నియమావళి ఈ పద్ధతికి ఒక కొలత ఇచ్చింది. కొత్తగా వచ్చినవాడికి ఏడాది పరీక్షాకాలం. ఆ ఏడాదిలో నియమావళిని అతనికి మూడుసార్లు పూర్తిగా చదివి వినిపిస్తారు. ఇష్టముంటే ఉండొచ్చు, లేదంటే వెళ్లిపోవచ్చు. 57వ అధ్యాయం ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. మఠంలో పనితనం ఉన్నవాడికి తన పనితనం వల్లే గర్వం తలకెక్కితే, వాణ్ని ఆ పని నుంచి తప్పించాలట. మఠానికి ఆదాయం తెచ్చే చేయి అయినా సరే. పని ఎంత బాగా వచ్చింది అన్నదానికన్నా, ఆ పని మనిషిని ఏం చేస్తోంది అన్నదే బెనెడిక్టుకు ముఖ్యం. ఈనాటి వృత్తి విద్యలో అరుదుగా వినిపించే ప్రశ్న ఇది.

మఠం బయట ఇదే పని గిల్డులు, అంటే వృత్తి సంఘాలు చేశాయి. ఇంగ్లండులో 1563 నాటి చట్టం అప్రెంటిస్ కాలాన్ని కనీసం ఏడేళ్లుగా నిర్ణయించింది. కుర్రాడు మేస్త్రీ ఇంట్లోనే తిని, అక్కడే పడుకుని, ఆ కుటుంబంతో కలిసి ప్రార్థన చేసి, వాళ్ల వెంట చర్చికి వెళ్లేవాడు. జూదం ఆడననీ, సారా కొట్లు పట్టుకు తిరగననీ, ఆ ఏడేళ్లలో పెళ్లి చేసుకోననీ ఒప్పందపత్రం రాసిచ్చేవాడు. మేస్త్రీ కూడా మాట ఇచ్చేవాడు: తిండి పెడతాను, పని దాచకుండా నేర్పుతాను అని. మాట తప్పితే లండన్ కుర్రాళ్లకు మేయర్ కోర్టు ఉండేది, ఒప్పందం రద్దు చేయించుకోవచ్చు. కొట్టే మేస్త్రీలూ, పారిపోయే కుర్రాళ్లూ కొల్లలుగా ఉన్న కాలమే అది. అయినా మేస్త్రీ పైన మరో కన్ను ఉండాలన్న సంగతిని ఆ వ్యవస్థ ఒప్పుకుంది.

అలాగని విశ్వాసం ఎప్పుడూ మేస్త్రీ నుంచే రాలేదు. తర్వాత భారతదేశానికి మిషనరీగా వచ్చిన విలియం కేరీ కుర్రతనంలో చెప్పులు కుట్టే పనికి కుదిరాడు. అతన్ని మార్చింది అదే బల్ల దగ్గర కూర్చున్న తోటి అప్రెంటిస్ జాన్ వార్. ఒకసారి కేరీ చెల్లని షిల్లింగును యజమాని డబ్బులో కలిపి తప్పించుకోబోయి దొరికిపోయాడు. ఆ సిగ్గే తనను దేవుడివైపు తిప్పిందని తర్వాత చెప్పుకున్నాడు. క్లాసులో మోసం గురించి ఎన్ని పాఠాలు చెప్పినా రాని ఫలితం అది.

పాదిరీలు కూడా ఇలాగే తయారయ్యేవారు. 18వ శతాబ్దపు అమెరికాలో జోసెఫ్ బెల్లమీ వంటి పాస్టర్ల ఇళ్లలో కుర్రాళ్లు ఉండి చదువుకునేవారు. 1808లో పాదిరీలను తయారుచేసే కాలేజీ, ఆండోవర్ సెమినరీ తలుపులు తెరిచాక ఆ చదువు మెల్లగా ఇంటి నుంచి క్యాంపస్‌కు మారిపోయింది.

చేతిపనుల్లో అసలు దెబ్బ ఫ్యాక్టరీల వల్ల తగిలింది. 18వ శతాబ్దం చివరికే చాలామంది మేస్త్రీలు అప్రెంటిస్‌లను ఇంట్లో పెట్టుకోవడం మానేశారు. 1814లో ఇంగ్లండు పాత చట్టంలోని అప్రెంటిస్ నిబంధనలను రద్దు చేసింది. కుర్రాడికి కూలి మిగిలింది, ఇల్లు పోయింది. 19వ శతాబ్దంలో యువకుల కోసం పుట్టిన క్రైస్తవ సంస్థల్లో చాలావాటి మూలం ఇక్కడే ఉంది. చిన్న పట్టణంలో బట్టల కొట్టులో అప్రెంటిస్‌గా ఉన్నప్పుడే విశ్వాసంలోకి వచ్చిన జార్జ్ విలియమ్స్, లండన్‌లో దుకాణం మీది గదుల్లో కిక్కిరిసి ఉండే గుమాస్తాలను చూసి, 1844 జూన్ 6న మరికొందరితో కలిసి వైఎంసీఏ మొదలుపెట్టాడు. జర్మనీలో అడాల్ఫ్ కోల్పింగ్ చెప్పులు కుట్టే కూలీగా సంవత్సరాలు గడిపి, తర్వాత పాదిరీ అయి, 1849లో కొలోన్‌లో చేతిపనివాళ్ల సంఘం పెట్టాడు. ఊరూరా తిరిగే కుర్రాళ్లకు అదే ఇల్లయింది.

వీళ్లందరిలో మేస్త్రీతో బేరమాడినవాడు ఇటలీలోని టూరిన్ పాదిరీ జాన్ బోస్కో. వీధి కుర్రాళ్లకు కేవలం ప్రార్థనలు నేర్పి వదిలేయలేదు. వాళ్లను పనికి పెట్టించి, స్టాంపు కాగితం మీద ఒప్పందం రాయించి, తానూ సంతకం చేశాడు. 1852 ఫిబ్రవరిలో ఒక వడ్రంగితో రాయించిన ఒప్పందం ఇప్పటికీ ఉంది. కుర్రాణ్ని మాటలతోనే మందలించాలి, చెయ్యి చేసుకోకూడదు. వడ్రంగానికి సంబంధం లేని చాకిరీ చేయించకూడదు. ఆదివారాలు, పండగలు సెలవు. ఏడాదికి పదిహేను రోజులు విశ్రాంతి. యూరప్‌లో పిల్లల చేత పద్నాలుగేసి గంటలు పనిచేయిస్తున్న రోజుల్లో ఇలాంటి షరతులు పెట్టడం మామూలు సంగతి కాదు. శీలం గురించి బోస్కో రాసిన ధర్మోపన్యాసాలన్నిటికన్నా నాకు ఈ కాగితమే ఎక్కువ చెబుతుంది.

కానీ బయటి వర్క్‌షాపుల వాతావరణం కుర్రాళ్లను పాడుచేస్తోందని అతనికి అనిపించింది. 1853లో తన ఆవరణలోనే చెప్పుల పని, కుట్టుపని మొదలుపెట్టాడు. తర్వాత బైండింగు, వడ్రంగం, ప్రెస్సు వచ్చాయి. బోస్కో స్థాపించిన సలేషియన్ సంఘం పేరుతో ప్రపంచమంతా విస్తరించిన సాంకేతిక పాఠశాలలకు మూలం ఇదే. అయితే ఈ మార్పుతో యజమాని, గురువు, పాదిరీ అంతా ఒకే సంస్థ అయిపోయింది. బోస్కో బతికి ఉన్నంతవరకు అతనే కుర్రాళ్లకు రక్షణ. అలాంటి మనిషి లేనిచోట ఏమవుతుంది?

జవాబు ఐర్లాండ్ ఇచ్చింది. 1868 చట్టంతో మొదలైన ఇండస్ట్రియల్ స్కూళ్లను, అంటే దిక్కులేని పిల్లలను ఉంచి పని నేర్పే బడులను, ఎక్కువగా క్యాథలిక్ సంఘాలు నడిపాయి. డబ్లిన్‌లో క్రిస్టియన్ బ్రదర్స్ అనే క్యాథలిక్ సంఘం నడిపిన ఆర్టేన్ వాటిలో పెద్దది. బూట్లు, కుట్టుపని, వడ్రంగం, వ్యవసాయం, వేళకు ప్రార్థన, అన్నీ ఉన్నాయి. 2009లో ప్రభుత్వ కమిషన్ ఇచ్చిన నివేదిక మాత్రం, ఈ స్కూళ్లలో కొట్టడం సర్వసాధారణమనీ, మగపిల్లల సంస్థల్లో లైంగిక దాడులు వ్యవస్థలో భాగమైపోయాయనీ తేల్చింది. తనిఖీలు నామమాత్రం, ఫిర్యాదు చేసే దారి లేదు.

ఈనాటి ప్రయత్నాలను ఈ చరిత్రతో పక్కపక్కన పెట్టి చూస్తే రెండు రకాలు కనిపిస్తాయి. కొన్నిచోట్ల కుర్రాడు బయటి కాంట్రాక్టరు దగ్గర జీతానికి పనిచేస్తాడు, కార్మిక చట్టం అతనికీ వర్తిస్తుంది, సంస్థ శిక్షణ, ప్రార్థన చూసుకుంటుంది. మరికొన్నిచోట్ల పని, బస, పాఠం, ప్రార్థన అన్నీ ఒకే గేటు లోపల. రెండో రకానికి ఆకర్షణ ఎక్కువ, ఎందుకంటే అది మఠంలా, కుటుంబంలా కనిపిస్తుంది. కొడుకును అక్కడికి పంపే తల్లిదండ్రులు టైమ్‌టేబుల్ అడగడం సహజమే. ఆ సంస్థతో ఏ సంబంధమూ లేని ఏ మనిషికి తమ కొడుకు ఫోన్ చేసుకోవచ్చో కూడా చేర్పించకముందే అడగాలి.