బంగారం ఇంటిపేరైన పాములు

వానాకాలం రాత్రి శ్రీకాకుళం పల్లెల్లో టార్చిలైటు వెలుగుకు అప్పుడప్పుడు పసుపు, నలుపు పట్టీల పాము ఒకటి చిక్కుతుంది. వీపు మధ్యన గట్టు కట్టినట్టు లేచి, ఒళ్ళు ముక్కోణంగా ఉంటుంది. తోక కొస ఎవరో తెగ్గోసినట్టు మొద్దుగా ఉంటుంది. దీని తిండి చాలావరకు తోటి పాములే. పగలు కదిలిస్తే కాటుకు దిగకుండా తలను చుట్టల కింద దాచుకుంటుంది.

తెలుగువాళ్ళు దీన్ని బంగారు పాము అన్నారు. ఈస్టిండియా కంపెనీ కొలువులో విశాఖపట్నంలో ఉన్న వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్, పాములు పట్టి తెచ్చినవారు చెప్పిన పేర్లనే 1796లో అచ్చయిన తన పుస్తకంలో ఎక్కించాడు. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దొదాన్ ఆ మాటను లాటిన్ చేసి, దానితో దగ్గరి చుట్టరికమున్న పాములన్నీ చేరే ప్రజాతికంతటికీ ‘బుంగారస్’ అని పేరు పెట్టాడు. దాంతో నిగనిగలాడే నల్లటి కట్లపాముకు కూడా ఇంటిపేరు బంగారమే అయింది!

మన మాట ప్రయోగశాలలకూ వెళ్ళింది. 1963లో తైవాన్‌లో ఇదే ప్రజాతికి చెందిన మరో పాము విషం నుంచి ‘బుంగారోటాక్సిన్’లను వేరుచేశారు. నాడి నుంచి కండరానికి కబురు మోసేది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం. ఆల్ఫా రకం విషం, కండరం మీద ఆ కబురు అందుకునే తాళానికి అడ్డంపడి కూర్చుంటుంది. ఆ మొండి పట్టు వల్లనే శాస్త్రజ్ఞులు ఆ తాళాన్ని వేరుచేసి చూడగలిగారు. బీటా రకం అంతకన్నా కఠినం, కబురు పంపే నాడి కొసనే చెడగొడుతుంది. అది మళ్ళీ పెరగాలి. కట్లపాము కాటుకు విరుగుడు మందు ఇచ్చాక కూడా కొందరిని రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉంచవలసి రావడం అందుకే.

ఆ కాటు నొప్పి పెద్దగా తెలియదు, వాపూ ఉండదు. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారేసరికి కడుపునొప్పి అంటాడు, రెప్పలు వాలిపోతుంటాయి. అజీర్ణం అనుకుని వాము నమిలించే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. మంచమూ, పరుపు కిందికి దోపిన దోమతెరా ఉంటే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది.

రస్సెల్ రాసుకున్న తెలుగు పేర్లలో నాకు ఎక్కువ ఇష్టమైనది ‘కాటుక రేకుల పొడ’. ఒంటి మీద కాటుక దిద్దిన రేకుల్లాంటి మచ్చలున్న రక్తపింజరకు ఎవరు పెట్టారో గానీ, చూసి పెట్టిన పేరు. శాస్త్రం మాత్రం దానికి రస్సెల్ పేరే ఖాయం చేసింది.