బైపాప్ పెట్టాక బీపీ ఎందుకు చూస్తారు?

చిరంజీవి చిట్టికి, బాబుకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న మామ్మ ముఖానికి బైపాప్ మాస్కు (ఊపిరికి సాయం చేసే మిషన్‌ది) కట్టగానే నర్సమ్మ చేతికి బీపీ పట్టీ చుట్టింది. "గాలి ఊపిరితిత్తులకి కదా తాతయ్యా, బీపీ ఎందుకు?" అని చిట్టి అడిగింది. మంచి ప్రశ్న.

మనం ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ వెడల్పై లోపల ఒత్తిడి తగ్గుతుంది. గాలి దానంతటదే వచ్చేస్తుంది. గాలే కాదు, ఒళ్ళంతా తిరిగొచ్చిన రక్తం కూడా గుండెలోకి సులువుగా చేరుతుంది, కాలువ కన్నా పల్లంలో ఉన్న చేలోకి నీరు పారినట్టు. వంతు నీళ్ళు వచ్చిన రాత్రి మా నాన్న నా చేతికి లాంతరిచ్చి తూము దగ్గర కూర్చోబెట్టేవారు. ఎండ్రకాయలు గట్టుకి బొరియలు పెడితే బురద ముద్దలు చేసి కూరేవాణ్ణి. కునుకు తీశామా, పక్క చేనువాళ్ళు నీరు మళ్ళించుకుపోయేవారు! చేలో నీటిమట్టం పెరిగేకొద్దీ తూములో పారుదల మందగించేది.

బైపాప్ గాలిని లోపలికి నెడుతుంది. పీల్చేటప్పుడు ఎక్కువ, వదిలేటప్పుడు తక్కువ, మొత్తానికి ఎప్పుడూ కొంత ఒత్తిడి ఉంటుంది. అంటే చేను మెరకైనట్టే. గుండెకి చేరే రక్తం తగ్గి బీపీ పడిపోవచ్చు, ఒంట్లో నీరు తక్కువైనవాళ్ళకి మరీను. అందుకే ఆ పట్టీ.

మరి పెట్టడమెందుకు? మామ్మది సీఓపీడీ, అంటే ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలపు జబ్బు. కట్టెల పొయ్యి దగ్గర ఎన్నేళ్ళు పొగ మింగిందో! పీల్చిన గాలి పూర్తిగా బయటికి రాదు, కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. ఆక్సిజన్ అందని చోట ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. వాటిలోకి రక్తాన్ని తోయలేక గుండె కుడివైపు అలసిపోతుంది. అప్పుడు కాళ్ళకి నీరు చేరుతుంది. మామ్మ పాదం మీద వేలితో నొక్కితే గుంట పడేది అందుకే. మిషన్ సాయం చేస్తే ఊపిరి కండరాలు తెరిపిన పడతాయి, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది, గుండెకీ బరువు తగ్గుతుంది. ఎంత ఒత్తిడి పెట్టాలో తేల్చడంలోనే ఉంది డాక్టరు పనితనమంతా.

బాబూ, మామ్మ రక్తంలో ఆక్సిజన్ 100 శాతం చూపించట్లేదని టెన్షన్ పడకు. ఈ జబ్బుకి 88 నుంచి 92 చాలంటారు. ఎక్కువైతే కార్బన్ డయాక్సైడ్ పెరగొచ్చు. సిలిండర్ మీద చెయ్యి వెయ్యొద్దు.

ఇప్పుడు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, నిదానంగా పీల్చి వదలండి. పీల్చినప్పుడు కాస్త వేగం, వదిలినప్పుడు నెమ్మది. పిల్లల్లో బాగా తెలుస్తుంది, నా వయసులో దొరకదు. ఎందుకలా అని నన్నడగకండి, అదో పెద్ద కథ. ముందు ఎవరికి దొరికిందో ఫోన్ చేసి చెప్పండి.

తాతయ్య