సస్పెన్షన్ దగ్గర ఛాసిస్‌కి సొంతంగా పట్టీలు వేసుకునేవాళ్ళకి: అపోహలు - వాస్తవాలు

కడపలో నాది ఫ్యాబ్రికేషన్ షెడ్డు. గేట్లు, గ్రిల్సుతో మొదలుపెట్టినా, ఇప్పుడు పనంతా కార్ల కిందే. ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనుల దారుల్లో తిరిగే బండ్లు, గువ్వలచెరువు ఘాట్ రోజూ ఎక్కి దిగే బండ్లు చానా వస్తాంటాయి, కిందికి దూరి చూస్తే ఎవరో ఒకరు ఛాసిస్‌కి (బండి చట్రానికి) బలం కోసమని ముందే ఏదో పట్టీ, అంటే ఇనుప ముక్క, వేసింటారు, ఆ పట్టీ బాగానే ఉంటాది, దాని పక్కన రేకు చీలిపోయింటాది. ఈ పనిలో తప్పు జరిగితే ఘాట్ మలుపులో తెలుస్తాది, అప్పుడు తెలిసి లాభం లేదు. అందుకే రాస్తాండా.

అపోహ: ప్లేటు ఎంత మందం వేస్తే అంత గట్టి

అందరూ ముందు చెప్పేది ఇదే. ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్ వచ్చింది, వెనక షాక్ అబ్జార్బర్ పైమౌంట్ దగ్గర 6 మిల్లీ ఎమ్మెస్ (మామూలు స్టీలు) ప్లేటు, నాలుగు మూలలు చదరంగా కోసి, చుట్టూ ఎక్కడా వదలకుండా వెల్డింగ్. చేసినాయన చెయ్యి మంచిదే, బీడు (వెల్డింగ్ గీత) చూస్తేనే తెలుస్తాది. కానీ ఆ ప్లేటు కూర్చున్న రేకు 1 మిల్లీ చిల్లర. గుంతలో పడినప్పుడల్లా ఆ దెబ్బ యాడికో ఒక చోటికి పోవాల గదా, ముందు రేకంతా కొంచెం కొంచెం వంగి పంచుకునేది, ఇప్పుడు ప్లేటు కదలదు కాబట్టి వంగుడంతా ప్లేటు అంచున ఒక్క గీత మీద పడింది, ఆ గీత వెల్డింగ్ వేడికి ముందే దెబ్బతిన్న చోటు. మూలలో మొదలైన చీలిక బొటనవేలంత పొడుగు పోయింది. పట్టీ దెబ్బని మింగెయ్యదన్నా, పక్క చోటికి తోస్తాది. యాడికి తోస్తాందో చూసుకున్నాకే గ్రైండర్ పట్టుకోవాల.

నేనైతే ముందు అట్టముక్కతో కొలత తీసుకుంటా. ప్లేటు మందం కింది రేకుకి కొంచెం ఎక్కువ, 1.6 లేకుంటే 2 మిల్లీ, అంతే. మూలలు గుండ్రంగా, చివర్లు నాలుక మాదిరి సన్నగా పోయేటట్లు కోసి, పక్కనుండే బాక్స్ సెక్షన్ (డబ్బా మాదిరి బోలు భాగం) దాకానో రేకు మడతపడిన అంచు దాకానో పొడిగిస్తా, ఖాళీ రేకు మధ్యలో మాత్రం ఆపను. ప్లేటులో 8 మిల్లీ రంధ్రాలు వేసి వాటిల్లో ప్లగ్ వెల్డింగ్, అంచుల్లో 20-25 మిల్లీ ముక్కలు, మధ్యలో గ్యాప్ ఇచ్చి, ఒక చోట వేసి చల్లారేలోపల ఇంకో చోట. నాలుక కొసన అడ్డంగా వెల్డింగ్ వెయ్యనే వెయ్యను, చీలిక పుట్టేది ఆడనే.

అపోహ: హై టెన్సైల్ స్టీల్ వేస్తే అసలు వంగదు

దీంట్లో రెండు సంగతులు కలిసిపోయినాయి. విరగకుండా ఉండే బలం వేరు, వంగకుండా ఉండే బిగువు వేరు. మామూలు ఎమ్మెస్ అయినా, ఖరీదైన హై టెన్సైల్ అయినా, స్ప్రింగు మాదిరి సాగి మళ్ళీ వెనక్కొచ్చే గుణం ఒకటే, దాదాపు 200 గిగాపాస్కల్ (ఈ అంకె ఎంత ఎక్కువైతే అంత బిగువు). అంటే అదే సైజు పైపు, అదే లోడు అయితే రెండూ ఒకేంత వంగుతాయి, హై టెన్సైల్ శాశ్వతంగా వంకర పోవడానికి ఎక్కువ లోడు పడుతుంది, అంతే తేడా. అల్యూమినియంకి ఆ లెక్క 70 గిగాపాస్కల్, మూడో వంతు.

బిగువు వచ్చేది ఆకారంతోనే. గోడ మందం అదే ఉంచి పైపు వ్యాసం రెండింతలు చేస్తే బరువు రెండింతలే అవుతాది, వంగుడుకి అడ్డం మాత్రం దాదాపు 8 ఇంతలు. ఈ లెక్క తెలిసినాక నేను దిమ్మెలాంటి ఫ్లాట్ పట్టీలు మానేసి పైపులకి, మడత పెట్టిన రేకుకి వచ్చినా. స్ట్రట్ బార్ (ముందు రెండు షాక్ అబ్జార్బర్ల పైతలల్ని కలిపే పైపు) కూడా ఇంతే, ఇంజన్ కవర్ తగులుతాదని మధ్యలో వంకర తిప్పినా, పైపు చివర సుత్తితో చదును చేసి బోల్టు వేసినా ఆ వంకర దగ్గరే, ఆ చదును దగ్గరే ఊగుతాది, సగం పని పోయినట్లే. స్టీలుకి ఐఎస్ 2062 ఈ250 అనే రకం చాలు, 250 మెగాపాస్కల్ (బలానికి కొలత) దాకా లోడు తట్టుకోని తిరిగొస్తాది, వెల్డింగ్‌కి మంచిది, దొరుకుతాది.

అపోహ: స్టెయిన్‌లెస్ బోల్టు తుప్పు పట్టదు కాబట్టి అదే మేలు

గేటుకి వేసుకోండి. సస్పెన్షన్‌కి వద్దు. మార్కెట్లో దొరికే ఏ2-70 రకం స్టెయిన్‌లెస్ బోల్టు 450 మెగాపాస్కల్ దగ్గరే శాశ్వతంగా సాగడం మొదలు, 8.8 గ్రేడు మామూలు స్టీలు బోల్టు అయితే 640. తల మీద 8.8 గానీ 10.9 గానీ అచ్చు లేని బోల్టు నేను బ్రాకెట్‌లో పెట్టను. బోల్టు పని అడ్డంగా తెగకుండా ఆగడం అనుకుంటారు చానామంది, దాని అసలు పని రెండు ముక్కల్ని గట్టిగా నొక్కి పట్టుకోవడం, ఆ నొక్కుడుకి పుట్టే రాపిడే లోడుని మోస్తాది. నొక్కుడు తగ్గిందా, రంధ్రం గుడ్డు ఆకారంలోకి అరుగుతాది.

దీంతోనే ఇంకోటి. బాక్స్ సెక్షన్‌కి అటునుంచి ఇటు రంధ్రం వేసి బోల్టు బిగిస్తే గోడలు లోపలికి నొక్కుకుంటాయి, ఎంత బిగించినా నొక్కుడు నిలవదు. లోపల సరిగ్గా ఆ వెడల్పుకి కోసిన పైపు స్లీవ్ పెట్టి రెండు పక్కలా వెల్డింగ్ చేసినాకే బోల్టు. ఈ చిన్న ముక్క వదిలేసిన పనులు ఎన్ని చూసినానో.

అపోహ: వెల్డింగ్ మిషన్ ఉంటే ఏదైనా అతికించొచ్చు

లేదన్నా. కాయిల్ స్ప్రింగ్, లీఫ్ స్ప్రింగ్, నకల్ (చక్రం బిగించే ముక్క), ఫోర్జింగ్ లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కిందనుంచి పట్టుకునే చెయ్యి), వీటి మీద ఆర్క్ తగలకూడదు, నిప్పురవ్వ పడినా ఆ మచ్చ దగ్గర స్ప్రింగు తర్వాతెప్పుడో విరుగుతాది. గ్యాస్ నింపిన షాక్ అబ్జార్బర్‌కి వేడి తగిలితే పేలొచ్చు కూడా, దాన్ని విప్పి దూరంగా పెట్టండి. ఈ కాలం కార్లలో బి-పిల్లర్ (ముందు, వెనక తలుపుల మధ్య స్తంభం) లాంటి చోట్ల వాడే బోరాన్ స్టీలు 1500 మెగాపాస్కల్ దాకా ఉంటాది, ఒక్కసారి ఎర్రగా కాలిందంటే మెత్తబడుతుంది, మళ్ళీ రాదు. బ్యాటరీ విప్పకుండా మొదలుపెట్టొద్దు, ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చోటు పక్కనే పెట్టాల, యాడో చక్రానికి తగిలిస్తే కరెంటు బేరింగ్ గుండా పోయి బేరింగ్ పాడవుతాది. జింకు పూత రేకైతే పూత గీకేసి, గాలాడే చోట చెయ్యండి, ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తాది, నాకొచ్చింది.

అపోహ: కడప ఎండలకి తుప్పు ఏం పడుతుంది

వానాకాలంలో బాక్స్ సెక్షన్ లోపలికి చేరిన బురద నెలలు గడిచినా ఆరదు. వెల్డింగ్ వెనక పక్క పెయింటు కాలిపోయింటాది, ఆడనే మొదలవుతాది. లోపలికి కేవిటీ వ్యాక్స్ (బోలు భాగాల్లో కొట్టే మైనం) కొట్టండి, నీళ్ళు పోయే రంధ్రాలు మూయొద్దు.

అపోహ: బండి ఊగుతాందంటే ఛాసిస్ బలహీనం

ముందు లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్, లింక్ రాడ్, స్ట్రట్ మౌంట్ చూడండి. పట్టీ కొట్టమని వచ్చిన చానామందికి బుష్‌లు మార్చి పంపిచ్చినా, మళ్ళీ రాలేదు. ఇంకో మాట, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చేదానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది, పని పెట్టుకునే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి.

పట్టీ వేసినాక బండి ఇచ్చేసి ఊరుకోవద్దు. బోల్టు తల మీద నుంచి ప్లేటు మీదికి పెయింటుతో ఒక గీత గీసి పెట్టండి, 200 కిలోమీటర్లు తిరిగినాక ఆ గీత జరిగిందేమో చూసి టార్క్ రెంచ్‌తో మళ్ళీ చూడండి. వెల్డింగ్ అంచుల మీద తెల్ల ప్రైమర్ పలచగా కొట్టి వదిలిపెట్టండి, చీలిక మొదలైతే తెలుపు మీద వెంట్రుకంత తుప్పు గీత వస్తాది. అది కనిపిస్తే మీదనే ఇంకో బీడు వెయ్యొద్దు, పట్టీ తీసేసి ఆకారం మార్చి కొత్తగా కోయండి.