తలుపు గొళ్ళెం మార్చొద్దు

చిత్తూరు, ఆదివారం

చిన్నీ, బాబూ,

వీధి తలుపు గొళ్ళెం విరిగింది కదా, స్టీలుది కొనేద్దామన్నాడు మీ నాన్న. వద్దన్నాను. ఎందుకో మీకూ తెలియాలి.

ఆ టేకు తలుపుకి పండగ పండగకీ రంగు మీద రంగు వేస్తూ వచ్చాం. మొన్న గొళ్ళెం దగ్గర పెచ్చు లేచింది. పైన ఆకుపచ్చ, దాని కింద నీలం, అడుగున పసుప్పచ్చని మెరుపు. అయస్కాంతం పెడితే అంటుకోలేదు. ఇనుము మీద పూతైతే పట్టుకునేది. వెనక మూల గీకి చూశాను, లోపలా పసుపే. అసలు ఇత్తడి!

విరిగింది కొండి ఒక్కటే. దాని జత కోసం, కూల్చిన ఇళ్ల సామాను అమ్మే కొట్లలో రెండు వారాలు తిరిగాను. విరిగిన ముక్క జేబులో ఉండాలి. కంటి గుర్తుతో కొంటే స్క్రూ రంధ్రాలు కలవవు. ఇక్కడ దొరక్కపోతే తమిళనాడులోని కారైక్కుడి వెళ్దామనుకున్నా, చెట్టినాడు ఇళ్ల పాత సామాను అక్కడి కొట్లలో అమ్ముతారు. అంతదూరం పోకుండానే దొరికింది.

స్క్రూ విప్పేముందు దాని గాడిలో పేరుకున్న రంగుని సూదితో తీయాలి. బిగుసుకుంటే ముందు ఇసుమంత బిగించి, తర్వాత వదులు చేయండి. తొందరపడితే తల అరిగిపోతుంది.

ఇత్తడిని చింతపండు, ఉప్పుతో తోమితే చాలు. నేను గొళ్ళెం ఇత్తడి బిళ్లనొకదాన్ని చింతపండు నీళ్లలో రాత్రంతా వదిలేశాను. పులుపుకి ఇత్తడిలోని జింకు కరిగి, తెల్లారేసరికి రాగిలా ఎర్రబడింది.

చెక్క మీది రంగుని మాత్రం ఉప్పు కాగితంతో పొడిగా రుద్దకండి. పాత రంగుల్లో సీసం ఉండేది. ఇళ్ల రంగుల్లో అది పది లక్షల్లో 90 భాగాలు మించకూడదన్న నియమం మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017లోనే. సీసం చిన్నపిల్లల మెదడుకి చేటు. మీ నాన్న పాకే వయసులో నేను కిటికీ రెక్క పొడిగా రుద్దాను, దుమ్ము గదంతా పరుచుకుంది. ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడదడలాడుతుంది. ఆరుబయట, మాస్కు కట్టుకుని, తడిపి తీయాలి.

రంగు పోయాక అవిసె నూనె పట్టిస్తాను. నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి, దండెం మీద విడివిడిగా ఆరేయాలి.

మడతబందులు ఇంకా విప్పలేదు. సెలవులకి మీరొచ్చేదాకా అలాగే ఉంచుతాను.

మీ తాత