చిన్న స్కోపంటే ఎందుకంత చిన్నచూపు?

చెన్నైలో దుర్భిణులు, తుపాకీ మీద బిగించి గురి చూసే స్కోపులు విప్పి బాగుచేయడం నా పని. నెల్లూరు, సూళ్లూరుపేట నుంచి వచ్చేవాళ్లు స్కోపు బల్ల మీద పెడుతూనే అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, ఇది ఎంత దూరం లాగుద్ది?" దూరాన్ని దగ్గరికి లాగడానికి బైనాక్యులర్ ఉంది. స్కోపు గురి చూపించాలి, అంతే.

అపోహ: ముందు అద్దం పెద్దదైతేనే వెలుతురు

4×32 అంటే 4 రెట్లు పెద్దగా చూపే పవర్, 32 మిల్లీమీటర్ల ముందు అద్దం. 1.5-4 అని ఉంటే పవర్‌ను ఆ మధ్యలో తిప్పుకోవచ్చు. ఇప్పుడు ఒక్క భాగహారం చేయండి. ముందు అద్దం వ్యాసాన్ని పవర్‌తో భాగిస్తే, కంటికి అందే వెలుగుచుక్క వెడల్పు వస్తుంది. 4×32కి 8 మిల్లీమీటర్లు. 1.5-4×20ని 4 మీద పెట్టినా 5. అదే 3-9×40ని 9కి తిప్పితే నాలుగున్నర కూడా రాదు. మునిమాపు వేళ కంటిపాప విచ్చుకునేది 5 నుంచి 7 దాకా. వయసు మీదపడితే అంత కూడా ఉండదు. అద్దం నాణ్యత ఒకటే అయితే, పూర్తిగా తిప్పిన పెద్ద స్కోపు చిన్నదానికన్నా మసకే. పైగా 20 మిల్లీమీటర్ల స్కోపుకు ముందు గరాటా ఉండదు, కిందికి కూర్చుంటుంది, బట్‌కి, అంటే భుజానికి ఆనించే వెనక భాగానికి, చెంప చక్కగా ఆనుతుంది. గడ్డం ఎత్తి గురి చూసేవాళ్లను చూస్తే నాకు మెడ నొప్పి పుడుతుంది.

అపోహ: కన్ను దగ్గర పెడితేనే బాగా కనబడుతుంది

నా కుడి కనుబొమ్మ మీద చంద్రవంక మచ్చ ఉంది. పడుకుని 315 బోరు పెద్ద రైఫిల్ కాలుస్తూ మెడ ముందుకు చాచాను. తుపాకీ తన్నింది. రక్తం కంట్లోకి దిగేదాకా ఏం జరిగిందో తెలియలేదు. ఇంట్లో గుమ్మం తగిలిందని చెప్పా, ఎవరూ నమ్మలేదు.

బొమ్మ నిండుగా కనబడుతూనే కంటికీ స్కోపుకీ మధ్య మూడున్నర అంగుళాలైనా ఎడం ఉండాలి. 12 బోరు షాట్‌గన్‌లో బాల్ తూటా (ఒకే పెద్ద గుండు) కాల్చేవాళ్లకు ఇంకాస్త ఉంటే మేలు. కొనేముందు ఇలా చూడండి. ఖాళీ తుపాకీని కళ్లు మూసుకుని భుజానికెత్తి, చెంప ఆనించి, కళ్లు తెరవండి. చుట్టూ నల్లంచు కనబడితే స్కోపును తుపాకీకి పట్టి ఉంచే రింగుల్లో జరపండి, మెడను కాదు.

అపోహ: రైఫిల్ స్కోపు దేనికైనా సరిపోతుంది

పెద్ద రైఫిళ్ల స్కోపుల్ని, తల కదిలినా గురి జరగకుండా, సాధారణంగా 100 గజాల దూరానికి సరిచేసి పంపుతారు. షాట్‌గన్ స్కోపుల్ని 50కో 75కో. 100 గజాలకు సరిచేసిన 4×32ని ఎయిర్‌గన్‌కి బిగించి, ఇసుక సంచి మీద కదలకుండా పెట్టి, 10 గజాల్లో కాగితం చూస్తూ తల మాత్రం అటూ ఇటూ ఆడించండి. స్కోపులో గురి చూపించే అడ్డం-నిలువు క్రాస్ గీత సెంటీమీటరు దాకా పక్కకు జరుగుతుంది. పెల్లెట్ వెడల్పే నాలుగున్నర మిల్లీమీటర్లు!

స్ప్రింగు ఎయిర్‌గన్‌తో ఇంకో తంటా. ముందు వెనక్కి తన్ని, పిస్టన్ ఆగగానే ముందుకు గుంజుతుంది. వెనక్కి తన్నే దెబ్బకే తయారైన స్కోపు దీన్ని ఓర్చుకోలేదు. 315 మీద ఏళ్ల తరబడి నిలిచిన స్కోపును ఒకాయన ఎయిర్‌గన్‌కి మార్చి, క్రాస్ గీత గుణకారం గుర్తులా పక్కకు తిరిగాక నా దగ్గరికి తెచ్చాడు.

షాట్‌గన్‌లో రవ్వలు (ఒకేసారి చెదిరే చిన్న గుళ్లు) కాల్చేవాళ్లకు స్కోపే అక్కర్లేదు. నాళం చివరి పూస చాలు. ఇక మీ అబ్బాయి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలకు వెళ్తున్నాడా? ఆ ఈవెంట్‌లో స్కోపు అనుమతించరు. కదిలే టార్గెట్ ఈవెంట్‌లో మాత్రం 4 పవర్ దాకా ఒప్పుకుంటారు.

అపోహ: నైట్రోజన్ నింపితే చెమ్మ భయం లేదు

లోపల లేదు, సీలు బాగున్నన్నాళ్లు. ఏసీ కారులోంచి మన ఊరి ఉక్కలోకి తీస్తే బయటి అద్దం మసకబారుతుంది. కాసేపు ఆగితే అదే పోతుంది, చొక్కా అంచుతో తుడవకండి. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడం మాత్రం వద్దు. సంచి చెమ్మ పీల్చుకుంటుంది, అద్దానికి బూజు పడుతుంది. డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి పెట్టుకోండి. నా బల్ల మీద ఇప్పుడున్న మూడు స్కోపుల్లో రెండు తోలు సంచిలో వచ్చినవే.